సొరుగులో క్యారేజీలు

మా ఫర్నిచర్ కార్ఖానాలో సూపర్‌వైజర్‌ని అందరం వదిన అనే అంటాం. వడ్రంగుల పెద్ద ఆమె భర్త, పాలిష్ వాళ్ల పెద్ద ఆమె మరిది. మరిది పిలుపే మా అందరి నోటికీ అలవాటైంది. ఆ రెండు గదుల మధ్య కూర్చుని కుషన్లు కుట్టేదాన్ని నేను, కాబట్టి వాళ్ల గొడవంతా నా నెత్తి మీదుగానే పోయేది.

గొడవ పుట్టింది ఒక కుర్చీ దగ్గర. అన్న చూసుకోకుండా తడి వార్నిష్ మీద కూర్చున్నాడు. లేచేసరికి పాంటులో కొంత కుర్చీకే ఉండిపోయింది. తమ్ముడు నవ్వాడు, పాలిష్ గదంతా నవ్వింది. అంతే, అన్నదమ్ములకి మాటల్లేవు. వాళ్లకి లేవు గనక వాళ్ల మనుషులకీ లేవు. వడ్రంగులు సొరుగుల్ని బిర్రుగా చేసి పంపేవారు. బిర్రుగా ఉన్నాయని తెలిసీ పాలిష్ వాళ్లు ఇంకో పూత దట్టించేవారు. ఎవరి పని వాళ్లు బ్రహ్మాండంగా చేసినట్టే, సొరుగు మాత్రం రాదు! గడ్డాలు నెరిసిన మగాళ్లు, సిగ్గుండక్కర్లా?

వదిన మీటింగ్ పెట్టింది. కలిసి పనిచెయ్యాలని ఆమె చెబితే అందరూ బుద్ధిగా తలలూపి, వేర్వేరు తలుపుల్లోంచి వెళ్లిపోయారు. ఇంట్లోనూ అదే తంతని వదిన చెప్పేది. "ఫ్యాను తగ్గించమని వాడికి చెప్పు" అని ఆయన. "చలేస్తే దుప్పటి కప్పుకోమను వదినా" అని ఇతను. పక్కపక్కనే కూర్చుని మరీ!

చివరికి సొరుగు రావడం లేదని ఒక ఆఫీసు బల్ల తిరిగొచ్చింది. యజమాని మండిపడ్డాడు. "సాయంత్రం కొన్నవాళ్లొస్తారు. సొరుగు కదలకపోయినా, పాలిష్ మీద గీత పడినా, రేపట్నుంచి పాలిష్ పని బయటికిచ్చి ఆ గది మూసేస్తా."

వదిన మొహం పాలిపోయింది. ఆమె కాపురానికొచ్చేనాటికి మరిది బడికెళ్లే పిల్లాడు. అన్నం కలిపి పెట్టి పెంచింది.

కాసేపటికి నా దగ్గరికొచ్చి, "ఓ చెయ్యి వెయ్యవే" అంది. ఇద్దరం కిందా మీదా పడి లాగితే ఆ బల్ల సొరుగు వచ్చింది. ఇంట్లోంచి తెచ్చిన మూడు క్యారేజీలూ అందులో పెట్టి, తుంటితో ఒక్క తోపు తోసింది. బిగుసుకుపోయింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఆకలితో నకనకలాడుతూ వచ్చారు. "క్యారేజీ ఏది?"

"సొరుగులో. నాదీ అందులోనే ఉంది."

అన్న లాగాడు, రాలేదు. తమ్ముడు లాగాడు, రాలేదు. అన్న విసురుగా ఉలి తీశాడు.

"అన్నా, వద్దు! పాలిష్ పోతుంది!" అని తమ్ముడు అరిచాడు. ఎన్నాళ్లకో అన్నతో నేరుగా మాట్లాడాడు. గది మూసేస్తారన్న సంగతి ఇద్దరికీ తెలుసు. నా చేతిలో సూది ఆగిపోయింది. అన్న తమ్ముడి మొహం చూశాడు, ఉలి కింద పెట్టేశాడు.

"ఒరేయ్, నేను వెనకనుంచి కొడతా. నువ్వు మెల్లగా లాగు" అంటూ బల్ల కిందకి దూరాడు.

"కొయ్య సుత్తి తీసుకో. గుడ్డ చుట్టు."

"నాకు చెప్తావా?"

"ఎవరో ఒకరు చెప్పాలిగా!"

తిట్టుకుంటూనే కొట్టారు, లాగారు. సొరుగు ఊడి వచ్చి, తమ్ముడు క్యారేజీలతో సహా వెల్లకిలా పడ్డాడు. ఈసారి అన్న నవ్వాడు. అన్నం తిన్నాక అన్న అంచులు చిత్రిక పట్టాడు, తమ్ముడు లోపలి పూత గీకేసి మైనం రుద్దాడు. సాయంత్రం కొన్నవాళ్లు వేలితో లాగితే వచ్చేసింది. గది నిలబడింది.

ఇప్పుడు పాలిష్ మనిషి లాగి చూడందే వడ్రంగి సొరుగు గది దాటదు. రెండు గదులూ ఒకచోటే తింటున్నాయి. తింటున్నంతసేపూ వదిన మీద పడి ఏడవడమే పని. రాక్షసి అనీ, కడుపు మాడ్చిందనీ, అందులో అన్నదమ్ములది పోటాపోటీ. నాకు ఒళ్లు మండిపోయి వెళ్లి చెప్పేశాను.

"ఇద్దరూ కలిసే తిడుతున్నారా?" అని అడిగింది వదిన.

"కలిసే."

"అయితే తిట్టనీవే" అని క్యారేజీ విప్పింది.