తాతబ్బాయి గోడ మీది కత్తులు

తాతబ్బాయికి కత్తి కనిపిస్తే మనిషి కనిపించేవాడు కాదు. ఎదురుగా ఉన్నది పెళ్ళికొడుకైనా సరే, పోలీసైనా సరే, ఆయన చూపు సూటిగా పోయి వాడి చేతిలో ఉన్న కత్తి మీద వాలేది. అది బజారులో దొరికే ఫ్యాక్టరీ సరుకైతే మొహం చిట్లించేవాడు. కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి, చేత్తో పిడి బిగించినదైతే ఇక అక్కడే కూలబడేవాడు. సముద్రపు ఒడ్డున హోప్ టౌన్‌లోని ఆయన ఇంట్లో ముందుగది గోడల నిండా అవే వేలాడేవి. మంచినీళ్ళకని వచ్చినవాళ్ళు గుమ్మంలోంచి ఒకసారి లోపలికి చూసి, దాహం తీరిపోయిందని చెప్పి వెళ్ళిపోయేవారు.

ఆయన ప్రాణస్నేహితుడు వాసుదేవ్ హార్బర్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఈ పిచ్చి ఏమిటో ఆయనకి ఎన్నడూ అర్థం కాలేదు.

"బతుకంతా చాతం కలప మిల్లులో రంపాల మధ్యే గడిపావు. ఇంటికొచ్చి మళ్ళీ ఇవా? మిఠాయి కొట్టువాడు ఇంటికెళ్ళి పంచదార బొక్కుతాడా?"

"రంపం మిషనురా వాసూ. దానికి మొహం ఉండదు" అనేవాడు తాతబ్బాయి.

కత్తికి మొహం ఉంటుందని నమ్మే మనిషితో ఏం వాదిస్తాం?

ఇన్ని కత్తులున్న ఇంట్లో ఆయన భార్య సింహాచలమ్మ గుమ్మడికాయని రోకలితో పగలగొట్టేది. కూరలు తరిగే కత్తి ఒకటి ఉండేది గానీ, అది అరటిపండు తొక్కని కూడా బతిమాలుకోవాల్సిన స్థితిలో ఉండేది. ఆవిడ గోడ వైపు చెయ్యి చాపితే చాలు, పడక్కుర్చీలోంచి కేక వచ్చేది.

"అది కోయడానికి కాదే!"

"మరి దేనికి? సంబంధం చూసి పెళ్ళి చేస్తావేటి?"

దసరాకి ఆయుధపూజ మొదలుపెడితే ఒక్కొక్క కత్తికీ బొట్టు పెట్టి, పువ్వు పెట్టి, యోగక్షేమాలు అడిగి లేచేసరికి పులిహోర చల్లారి, పిలిచిన చుట్టాలు బేంబూఫ్లాట్ జెట్టీకి వెళ్ళి ఫెర్రీ ఎక్కేసేవారు.

అన్నిటికన్నా వాసుదేవ్‌కి ఒళ్ళు మండేది తాతబ్బాయి సమయజ్ఞానం చూస్తే. కత్తిని మెచ్చుకోవడానికి లోకంలో ఎవరికీ దొరకని ముహూర్తం ఆయనకి దొరికేది. ఇల్లు తగలబడుతుంటే వెళ్ళి, ఆ అగ్గిపెట్టె ఏ కంపెనీదని అడిగే రకం.

ఒకసారి ఇద్దరూ చేపలు కొనడానికి ఒడ్డుకి వెళ్ళారు. అక్కడ అప్పలకొండ, వాడి తమ్ముడు మల్లేశు తండ్రి వదిలిపోయిన పడవ కోసం కొట్టుకుంటున్నారు. అప్పలకొండ చేతిలో మూరెడు కత్తి. జనం దూరంగా నిలబడి "ఛోడో భయ్యా, ఛోడో" అని అరుస్తున్నారే గానీ ఎవరూ అడుగు ముందుకి వెయ్యడం లేదు. తాతబ్బాయి మాత్రం జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, తిన్నగా వాళ్ళిద్దరి మధ్యకీ నడిచాడు.

"అప్పలకొండా, ఒక్క నిమిషం పొడవకు. ఆ పిడి ఏం చెక్కరా?"

"మావా, తప్పుకో! ఈడి సంగతి సూడాల!"

"చూద్దువుగానిలే, వాడెక్కడికి పోతాడు? ఇది మన డిగ్లీపూర్ జోగులు చేసిందేనా? లారీ కమాను ఇనుము లాగుంది. ఏదీ, కింద పెట్టు."

కత్తిని చేతిలోంచి చేతికి అందిస్తే ఆ ఇద్దరి మధ్యా తగువొస్తుందని మనవాళ్ళ నమ్మకం. కింద పెట్టాలి, అవతలివాడు తీసుకోవాలి. తమ్ముణ్ణి నరకబోతున్న అప్పలకొండ కూడా, పాపం, ఆ మర్యాద తప్పలేదు. ఇసక మీద పెట్టాడు. అంతే. తాతబ్బాయి ముందు కింద పెట్టిన కత్తి మళ్ళీ సొంతదారుడి ఇంటికి చేరిన దాఖలా లేదు. అప్పలకొండని టీకి లాక్కుపోయి, కొలిమి గురించీ, పదును గురించీ, పిడి చెక్క గురించీ చెప్పి చెప్పి వదిలాడు. బయటికొచ్చేసరికి అప్పలకొండకి కోపం పోయి నిద్ర ముంచుకొచ్చింది.

"సిగ్గులేదూ? ప్రాణాలు పోతుంటే నీకు పిడి కావలసి వచ్చిందా?" అన్నాడు వాసుదేవ్.

"మంచి పిడిరా" అన్నాడు తాతబ్బాయి తృప్తిగా.

పోయిన వానాకాలం గుండెజబ్బుతో ఆస్పత్రిలో పడుకుని కూడా, ఆపరేషను కత్తి చేత్తో చేసిందా ఫ్యాక్టరీదా అని నర్సుని అడిగాడు. ఫ్యాక్టరీదేనందా అమ్మాయి. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పోయాడు. డాక్టర్లు గుండె అన్నారు. వాసుదేవ్ మాత్రం నిరుత్సాహంతోనే పోయాడని అందరికీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకున్నాడు.

కర్మకాండ అయ్యాక సింహాచలమ్మ తాళాలు వాసుదేవ్ చేతికిచ్చి, డిగ్లీపూర్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లులా ఉండాలని వాసుదేవ్‌కి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. కత్తులన్నీ గోనెసంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎవరిది వాళ్ళకి ఇచ్చేశాడు. గడప ముందు కింద పెట్టి, "మీ సొత్తే, తీసుకోండి" అన్నాడు. విచిత్రంగా ఒక్కళ్ళూ సంతోషించలేదు. అప్పలకొండ పెళ్ళామైతే కూర్చోమని కూడా అనకుండా తలుపు మూసేసింది. ఈ కాలంలో జనానికి కృతజ్ఞత లేదనుకున్నాడు వాసుదేవ్.

సింహాచలమ్మ బస్సు దిగి ఇంట్లోకి వచ్చి బోసిగా ఉన్న గోడ చూసింది.

"కత్తులేవి మరిదీ?"

"ఎవరివి వాళ్ళకిచ్చేశాను వదినా" అన్నాడు వాసుదేవ్, మెప్పు కోసం చూస్తూ.

ఆవిడ సంచీ పట్టుకునే కుర్చీలో కూలబడింది. "అప్పలకొండదీ ఇచ్చేసినావా?"

"మొదట వాడిదే."

"ఓరి నాయనో! ఆయన ఏ కత్తి ఎలాంటప్పుడు ఎవరి దగ్గర తెచ్చాడో ఎన్నడైనా ఆలోచించావా? తాగొచ్చి పెళ్ళాం మీదకి కత్తెత్తిన కన్నారావు దగ్గర. గట్టు తగువులో నిలబడ్డవాడి దగ్గర. తన గొంతు తనే కోసుకుంటానన్న ఆ కుర్రోడి దగ్గర. ఊళ్ళో ప్రతి కోపానికీ ఒక కత్తి ఆ గోడ మీద ఉండేది. నువ్వు సంచిలో వేసుకుని ఇంటింటికీ పంచొచ్చావు, ప్రసాదంలాగ! ఇప్పుడే ఒడ్డు మీంచి వస్తన్నాను. ఆ అన్నదమ్ములిద్దరూ మళ్ళీ కేకలేసుకుంటన్నారు."

వాసుదేవ్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

పడవకి అటు మల్లేశు తెడ్డు ఎత్తి ఉన్నాడు. ఇటు అప్పలకొండ, చేతిలో వాసుదేవ్ స్వయంగా ఇచ్చివచ్చిన కత్తి. వాసుదేవ్‌కి నోటికి వచ్చింది ఒక్కటే.

"అప్పలకొండా... ఒక్క నిమిషం... ఆ పిడి పడాక్ చెక్కేనా?"

అప్పలకొండ ఆగి, కత్తి వైపు చూశాడు. "పడాకా? కళ్ళు పోనాయేటి వాసు భయ్యా? పడాక్ ఎర్రగుంటది. ఇది చుగ్లం. తాతబ్బాయి మావ సెప్పినాడు."

"చుగ్లమేట్రా ఎర్రిమొగమోడా, మార్బుల్ చెక్క! నల్ల చారలు సూడు" అన్నాడు తమ్ముడు, తెడ్డు దించి.

"నీకెవడు సెప్పినాడ్రా?"

"మావే సెప్పినాడు!"

"నాకూ మావే సెప్పినాడు!"

తీర్పు చెప్పాల్సిన మనిషి కోసం ఇద్దరూ ఒకేసారి అటూ ఇటూ చూశారు. లేడని గుర్తొచ్చి మల్లేశు తెడ్డు పడవలో పడేశాడు. అప్పలకొండ వంగి కత్తిని ఇసక మీద పెట్టాడు.

"అట్టుకెళ్ళిపో భయ్యా. ఇంట్లో ఉంటే సెయ్యి దాని మీదకే పోతాంది. అసలెందుకిచ్చినావు నాకు?"

వాసుదేవ్ కత్తి తెచ్చి సింహాచలమ్మ ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాడు. చెమట తుడుచుకుంటూ అడిగాడు: "ఇంతకీ అది ఏం చెక్క వదినా?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. "చుగ్లమే. చిన్నోడికి కావాలనే వేరేది చెప్పాడు. ఏది నిజమో తేలాలంటే ఇద్దరూ కలిసి అడగడానికి రావాలి కదా మరి."

ఆవిడే మళ్ళీ అంది: "రేపు కన్నారావు ఇంటికెళ్ళు. వాడికి చెక్క కబుర్లు ఎక్కవు. పదును గురించి చెప్పాలి. కూర్చో, చెబుతాను. కత్తి నూరేటప్పుడు ముందు..."

మొగుడు చెబుతుంటే ఇన్నేళ్ళూ "ఆపవయ్యా నీ గోల" అని విసుక్కుంటూనే ఉన్న సింహాచలమ్మకి, ఒక్క ముక్క పోకుండా అంతా వచ్చు. వాసుదేవ్ బుద్ధిగా చాప మీద కూర్చుని విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆవలించి తిట్లు తిన్నాడు.