చాటింపు తర్వాత ఆదోలే పాడిన పాట

నలభై అడుగుల దూరం వెళ్తున్న మనిషికి వీధంతా కలిసి వీడ్కోలు చెప్పడం నేను ఒక్కసారే చూశాను. వెళ్తున్నది ఆంటీ ఆదోలే. ఒక చంకలో చాప, ఇంకో చంకలో దిండు, నెత్తిమీద అల్యూమినియం గిన్నె. ఆమె వెళ్తున్నది రోడ్డుకు అవతలి పక్కనున్న నీలం గేటు ఇంట్లోకి. ముప్ఫై ఏళ్ళుగా ఆ గేటుకు ఎదురుగానే బల్ల వేసుకుని కోమి అమ్ముతోంది. పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు, కండె మీది పొట్టాకు చుట్టి ఉడికించినవి. సముద్రం ఒడ్డునున్న మా తేషీ ఊళ్ళో ఉదయం ఆ వాసనతోనే మొదలవుతుంది.

ఆమె పక్కనే వేయించిన చేపలు అమ్మే ఆయోర్కోర్ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"ఉత్తరం రాస్తావా?"

"గోడ మీదినుంచి విసురుతాలే, పట్టుకో."

"అసలు రెసిడెన్సీ అంటే పరాయి దేశం వాళ్ళకిచ్చే కాగితం కదే. నువ్వు పుట్టింది ఆ సందులో. నీకెందుకిచ్చారు?"

"నీ పక్కన కూర్చుని ముప్ఫై ఏళ్ళు భరించానని."

నీలం గేటు ఇల్లు కళాకారులది. డాకర్ నుంచి బొమ్మలు వేసేవాళ్ళు వస్తారు, లుబుంబాషి నుంచి కుండలు చేసే ఆవిడ వచ్చింది, హరారే నుంచి వచ్చిన ఒకాయన నెల రోజులు మా మేకల ఊపిరి రికార్డు చేసుకున్నాడు. అద్దె లేదు, ఏదీ అమ్మనక్కర్లేదు. ఆరు వారాలో పది వారాలో తమ పని తాము చేసుకుంటారు, దాన్నే రెసిడెన్సీ అంటారు. ఆఖరి శనివారం గేటు తీసి, చేసింది వీధికి చూపించి వెళ్ళిపోతారు. అక్కడి పని పెద్ద నగరాల గోడలెక్కే ముందు మేం చూస్తాం. మాలో మొదటి విమర్శకురాలు ఆదోలే. ఒకసారి ఒక చిత్రకారుడితో, "నాయనా, నీ సముద్రంలో ఉప్పు తక్కువైంది" అంది. అతను నవ్వలేదు. రెండు రోజులు తిండి మానేసి మళ్ళీ వేశాడు. నిజంగానే బాగుపడింది.

ఈ ఏడు ఒక విడత మా వీధి మనిషికే ఇవ్వాలని ఇంటి నిర్వాహకుడు లార్యేయా నిర్ణయించాడు. దరఖాస్తు నింపింది నేను. నేను బళ్ళో సైన్సు చెబుతాను, ఎదురింట్లో ఉంటాను. నా ఏడు నెలల పాప ఆదోలే బల్ల దగ్గర పొగ పీలుస్తుందేమోనని ఎప్పుడూ గాలివాటం చూసుకుంటూ నిలబడే దాన్ని కాబట్టి ఆమెకు అందుబాటులో ఉన్నాను.

"మీ సాధన ఏమిటి, అని అడుగుతున్నారు ఆంటీ."

"కలపడం. ముప్ఫై ఏళ్ళుగా కలుపుతున్నాను."

"ఆరు వారాల్లో ఏం చేస్తారు?"

ఆమె గరిట ఆపింది. ఆ గరిట పడవ తెడ్డంత ఉంటుంది. "నా పాట పాడతాను" అంది.

ఆ పాట సంగతి వీధికి తెలుసు, పాట మాత్రం తెలియదు. పిండి కలుపుతూ కలుపుతూ ఆమె సొంతంగా కట్టుకున్న నాలుగు వరుసలు అవి. ఆదోలే, ఆయోర్కోర్ ఇద్దరూ ఒకే పాటల బృందంలో ఉన్నారు. పదిమంది ఆడవాళ్ళు. పెళ్ళిళ్ళకీ చావులకీ పాడతారు. ఆదోలే ఎప్పుడు తన పాట ఎత్తబోయినా ముందు నిలబడి పాడే ఆయోర్కోర్ అడ్డం పడేది. "మన అమ్మమ్మలు పాడనిది పాటెలా అవుతుందే" అనేది. అలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆదోలేకి అరవై ఒకటి. ఆఖరి శనివారం ఆ నాలుగు వరుసలూ తన వీధి వినాలి, అంతే ఆమెకు కావలసింది.

మొదటి మూడు రోజులూ ఆమె నిద్రపోయింది. నాలుగో రోజు గదిలోంచి బయటికొచ్చి, పాట రావడంలేదు, చేతులు ఖాళీగా ఉన్నాయి, పొయ్యి కావాలంది. లార్యేయా కంగారుపడి, "ఆంటీ, ఇది మీరు వంట మానుకోవడానికి ఇచ్చిన సమయం" అన్నాడు.

"మేకల ఊపిరి పట్టుకున్నాయనకి మేకనిచ్చావుగా. నాకు కుండ ఇవ్వు."

ఇచ్చాడు. దాంతో బయట బల్ల మీద ఆమె కూతురు, లోపల పెరట్లో ఆమె, రెండు చోట్లా కోమి. మా వీధి ఆ నెలలో తిన్నంత ఎప్పుడూ తినలేదు.

అయిదో వారంలో గంట మోగించి చాటింపు వేశారు. ఆ గంట మోతే ఆ నెలకు ఆఖరి మోత. మొక్కజొన్న మొలకెత్తి ఎదిగే రోజులు, దేవుళ్ళకు నిశ్శబ్దం కావాలి కాబట్టి ఊరు గొంతు తగ్గించుకోవాలి. నిషేధం ఎత్తేదాకా డోలు లేదు, పాట లేదు, చప్పట్లు లేవు. మాట్లాడుకోవచ్చు, నవ్వుకోవచ్చు, తిట్టుకోవచ్చు. తప్పినవాళ్ళు సారా సీసాలూ పొట్టేలూ సమర్పించుకోవాలి.

లార్యేయా చాటింపు విని పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు. ముఖం పిండిలా ఉంది.

"ఆంటీ, మా వైపు నిషేధం ఎత్తేసి నెల దాటింది. ఈ ఏడు గొడవ వదిలిందనుకుని తేదీ పెట్టేశాను."

ఆదోలే అతన్ని కాళ్ళనుంచి తలదాకా చూసింది. "నువ్వు ఈ తీరంలో పుట్టినవాడివేనా? మీ వైపు దేవుళ్ళు నిద్ర లేస్తే మా వైపు దేవుళ్ళు లేచినట్టా? వీళ్ళ క్యాలెండరు వీళ్ళది."

"పక్క ఊళ్ళో హాలు చూస్తాను. నుంగువాలో నిషేధం లేదు."

"నా పాట నుంగువా వింటే నాకేంటి?"

"వాయిదా వేద్దామంటే సోమవారం కంపాలా నుంచి తర్వాతి ఆవిడ వస్తోంది. గది ఇవ్వాలి. పోనీ తలుపులు మూసి, మెల్లగా..."

"నాయనా, నేను అమ్మేది మొక్కజొన్న. అది మొలకెత్తేటప్పుడు దాని చెవిలో అరిచి, తర్వాత ఏ మొహం పెట్టుకుని ఉడకబెట్టను?"

ఆ మాటతో దారులన్నీ మూసుకున్నాయి. నా బాధ వేరే. ఇంటికెళ్ళి పాప ఏడుపును ఫోనులో కొలిచాను. నూట నాలుగు డెసిబెల్స్. పొట్టేలు ధర కనుక్కోవాలా అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆదోలే గేటు తీసుకుని వచ్చి ఆయోర్కోర్ బల్ల ముందు నిలబడింది. నోరు తెరిచి, చేతులు ఊపి, మెడ తిప్పి, ఒక్క శబ్దం లేకుండా బృందం పాత పాటొకటి పాడింది. ఆయోర్కోర్ చేప తిప్పడం ఆపి చూసింది. రెండో వరుసకి ఆమె పెదవులు కూడా కదిలాయి. మూడో వరుసకి బల్ల వెనకనుంచి లేచి నడుము తిప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆ పాట చిన్నప్పటినుంచీ విన్నదే కాబట్టి డోలుతో సహా మొత్తం నాకు వినిపించింది. నా చెవులకి కాదు, లోపల ఎక్కడో. సైన్సు పంతులమ్మని, ఇంతకన్నా వివరించలేను.

"శబ్దం లేకుండా పాడటమా" అంది ఆయోర్కోర్, ఒప్పుకున్నట్టు కనపడకుండా. "నీకు కొత్తేం కాదులే. నీ గొంతు ఎప్పుడు వినపడింది గనక."

"బృందాన్ని తీసుకొస్తావా లేదా?"

"పాత పాటలకైతే వస్తాం. నీ పాట ఎవరికి తెలుసని? తెలియని పాట మూగగా పాడితే పంటి నొప్పి అనుకుంటారు."

అది నిజం. ఆదోలే అక్కడే కూర్చుండిపోయింది. పాత పాటలైతే చూసిన ప్రతివాళ్ళ లోపలా మోగుతాయి. ఆమె పాటను మోగించుకోవడానికి ఎవరి లోపలా ఏమీ లేదు. నేర్పుదామంటే పాడాలి, పాడితే తప్పు.

పొట్టాకు నలుపుతున్నదల్లా ఉన్నట్టుండి నవ్వింది. "మాట్లాడొచ్చు కదా" అంది.

ఆ వారం రోజులు తేషీలో కోమి కొనడం ఒక పరీక్ష అయిపోయింది. తల్లీ కూతుళ్ళిద్దరూ బల్ల దగ్గర నిలబడ్డారు. వచ్చిన ప్రతివాడికీ ఆదోలే ఒక వరుస చెప్పేది. రాగం లేదు, ఉత్త మాట, కాకపోతే తూగుతో. తిరిగి అప్పజెబితేనే మిరపకాయ పచ్చడి.

"పొట్టాకు విప్పితే ఆవిరి. చెప్పు."

"పొట్టాకు విప్పితే ఆవిరి."

"నోరు విప్పితే ఆవిరి."

"ఆంటీ, బస్సు పోతుంది."

"బస్సు పోతే ఇంకోటి వస్తుంది. నోరు విప్పితే ఆవిరి."

"నోరు విప్పితే ఆవిరి. చేప పెద్దది వేయండి."

"చేప ఆయోర్కోర్ది, దాన్నడుగు. ఊది తినవే ఓ పిల్లా."

గురువారానికి డ్రైవర్లు, జాలర్లు, బడిపిల్లలు, చర్చి పాస్టరు, అందరూ ఆ నాలుగు వరుసలూ గొణుక్కుంటూ తిరిగారు. మా ఇంట్లో పాపకి ఉగ్గు పెడుతూ ఉష్ణోగ్రత చూస్తున్నానా, నా నోట్లోంచే వచ్చేసింది. ఊది తినవే ఓ పిల్లా, ఊది పలకవే ఓ పిల్లా.

శనివారం నీలం గేటు తెరిచారు. నూటయాభై మంది వచ్చారు. పెరడు చాలక జనం గోడలెక్కారు. బృందం వరసగా నిలబడింది, తెల్లటి గుడ్డలు, మెడలో పూసలు. మొదటి పాట ఎత్తారు, పది నోళ్ళు తెరుచుకున్నాయి, శబ్దం లేదు. గాలికి కొబ్బరాకులు కదలడం వినపడింది. రెండో వరుసకి జనం భుజాలు కదలడం మొదలైంది. నా పక్కనున్న ముసలాయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. కళ్ళు మూసుకుంటే ఏం వినపడుతోందో ఆయనకే తెలియాలి.

రెండో పాట మధ్యలో గేటు దగ్గర కదలిక. నిషేధం కాపలాదళం మనిషి ఆతా ఓక్పోటి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో శబ్దం కొలిచే యంత్రం. మామూలు రోజుల్లో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, గొంతు కూడా ఇంజనులాగే ఉంటుంది. లార్యేయా ముఖం మళ్ళీ పిండి అయింది. సరిగ్గా అప్పుడే నా వీపు మీద పాప గొంతెత్తింది. నూట నాలుగు. ఓక్పోటి యంత్రం చూశాడు, నన్ను చూశాడు.

"పాలివ్వమ్మా" అన్నాడు. "దానికింకా చాటింపు అర్థం కాదు."

ఇచ్చాను. పాట ఆగలేదు. ఓక్పోటి యంత్రాన్ని వరసలో ఉన్న ఒక్కో మనిషి నోటి దగ్గరా పెట్టి చూశాడు. ముల్లు కదల్లేదు. కదిలింది అతని కాలు.

అప్పుడు ఆదోలే ముందుకొచ్చింది. ఆయోర్కోర్ నిలబడే చోట నిలబడింది. తెడ్డులాంటి ఆ గరిట రెండు చేతులా పట్టుకుని గాలిని కలపడం మొదలుపెట్టింది. పొట్టాకు విప్పితే, అని పెదవులు కదిలాయి. నూటయాభై జతల పెదవులు ఆమెతోపాటు కదిలాయి. గోడమీది పిల్లలవి కూడా. గరిట పైకి లేస్తే రాగం లేచింది, కిందికి దిగితే దిగింది. నాలుగు వరుసలూ మూడుసార్లు తిరిగాయి. ఆఖర్న గరిట నేలకు ఆనించి ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేరు కాబట్టి అందరూ చేతులు గాల్లో ఆడించారు. నవ్వు ఆపుకోలేక కొందరు ఒకరి భుజాల మీద ఒకరు వాలిపోయారు. నవ్వు మీద నిషేధం లేదు.

ఓక్పోటి నుదురు చిట్లించాడు. "అంతా బాగానే ఉంది గానీ ఆదోలే, ఆఖరి వరుస అంత పైకి తీసుకెళ్ళావేంటి? ఊపిరి అందదు."

"పైకా? కిందికి కదా దిగింది" అన్నాడు పాస్టరు.

"దిగలేదు, అక్కడే తిరిగింది" అన్నాడు బస్సు డ్రైవరు. "నాకు స్పష్టంగా వినపడింది."

"నీకు ఇంజను వినపడి ఉంటుంది" అన్నాడు పాస్టరు.

నేనూ ఊరుకోలేకపోయాను. రెండో వరుస చివర చిన్న మలుపు ఉందని చెప్పాను. ఎవరూ ఒప్పుకోలేదు. పెరడంతా మాటలే. ఒక్కరు కూడా పాడకుండా, ఆ పాట రాగం ఎలా ఉందో గాల్లో వేళ్ళతో గీసి చూపించుకుంటున్నారు. లార్యేయా ఈ మనిషి దగ్గరికీ ఆ మనిషి దగ్గరికీ పరిగెత్తి అందరి రాగాలూ పుస్తకంలో గీతలుగా వేసుకుంటున్నాడు. ఆదోలే గరిట మీద గడ్డం ఆనించి వింటోంది. ముప్ఫై ఏళ్ళలో ఆ పాట విని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నూటయాభై మంది పోట్లాడుకుంటున్నారు.

ఆయోర్కోర్ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"నిషేధం ఎత్తిన రోజు పాడదాం. కానీ నేను విన్న రాగంలోనే. నీది దిగిపోతోంది, నాది లేస్తుంది. నాదే బాగుంది."

"అది నా పాట."

"పాట నీదే, ఎవరు కాదన్నారు. రాగం మారుద్దామంటున్నాను."

ఆదోలే చాప చుట్టి చంకలో పెట్టుకుంది. సోమవారానికి గది ఖాళీ చేయాలి కదా.

"రాగం మార్చాలంటే ఆరు వారాలు పడుతుంది" అంది. "వెళ్ళి దరఖాస్తు పెట్టుకో."