ఐసు మూట

మొన్న మనవరాలు కళ్ళకలకతో బడి నుంచి తల వంచుకుని వచ్చింది. ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి గుడ్డలో చుడుతుంటే ఏదో తక్కువైనట్టనిపించింది. రంపపు పొట్టు వాసన!

పంతొమ్మిది వందల యాభైలలో, మద్రాస్ సౌకార్‌పేటలోని మా ఇంటికి డిపో నుంచి ఐసు ఆ పొట్టు కప్పుకునే వచ్చేది. నాకు ఏడేళ్ళప్పుడు కళ్ళు ఎర్రబడి రెప్పలు అంటుకుపోయాయి. మద్రాస్ ఐ అన్నారు. "దాని కళ్ళల్లోకి చూడబాకండిరా, మీకూ అంటుకుంటాది!" అని అమ్మ మా అన్నలను హెచ్చరించింది. నాకు అన్నం పెట్టేటప్పుడు తనూ గోడవైపే చూసేది. నేనేదో తప్పు చేశాననీ, అందుకే ఎవరూ నా మొహం చూడటం లేదనీ అనుకున్నాను.

అవ్వ ఒక్కతే నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, పాత పంచె ముక్కలో ఐసు మూటకట్టి రెప్పల మీద ఆనించేది. మంట చల్లారి కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆమె కళ్ళే కనిపించేవి.

నా కళ్ళు తేటపడ్డాయి. అవ్వ కళ్ళు ఎర్రబడ్డాయి. నన్ను చూసినందుకే ఆమెకు వచ్చిందని వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడస్తా కూర్చుంటే ఐసు కరిగిపోతాది. ఈడ పెట్టు తల్లీ," అని నవ్వుతూ అవ్వ మూటను నా చేతికిచ్చింది.

ఆ జబ్బు చూపుతో అంటదని, నా కళ్ళు తుడిచిన ఆ చేతులతోనే ఆమెకు అంటిందని పెద్దయ్యాక తెలిసింది.

మనవరాలు ఇంకా తల ఎత్తలేదు.

"చేతులు సబ్బేసి కడుక్కుంటాలే," అన్నాను. "ముందు నన్ను చూడు."