ల్యాప్‌టాప్ అరలో ఆవకాయ

కొత్త బ్యాగుల వాసన నాకు పడదు. మధ్యాహ్నం ఎండలో పార్క్ చేసిన కారు తలుపు తీయగానే ముఖాన కొట్టే ఆ వేడి ప్లాస్టిక్ కంపు, దానికి తోడు రబ్బరు, దానికి తోడు పెట్టెలో నెలల తరబడి మగ్గిన అట్ట వాసన. పోయిన శనివారం కమ్మింగ్‌లో మా అక్క వాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో కార్పెట్ మీద అలాంటివి ఐదు నోళ్లు తెరుచుకుని పడున్నాయి. అక్క కూతురు అనిక ఆగస్టులో కాలేజీకి వెళుతోంది. ఐదూ ఆర్డర్ చేసి, ఒకటి ఉంచుకుని, నాలుగు రిటర్న్ చేస్తుందట. అక్క మేడ మీద ఆఫీస్ కాల్‌లో ఉంది కాబట్టి సెలెక్షన్‌కి సాయం చేయమని నన్ను పిలిచారు. బ్యాగ్ అంటేనే ఆమడ దూరం పోయే మనిషిని నేను, పిలిచి పిలిచి నన్నే పిలిచారు.

పిల్ల తెలివైనదే. ఒక్కో బ్యాగులో ల్యాప్‌టాప్, రెండు లావుపాటి పుస్తకాలు, నీళ్ల బాటిల్, వాన కోటు పెట్టుకుని మెట్లెక్కి దిగుతోంది. నేనూ నాకు తెలిసింది చెప్పాను. పట్టీలు రెండూ వెడల్పుగా ఉండాలి, ఒకే భుజానికి వేలాడేది వద్దు, అడుగు మందంగా ఉండాలి, లోపలి గుడ్డ లేత రంగుదైతే వస్తువు కనిపిస్తుంది, అన్నిటికంటే ముందు మొత్తం బ్యాగ్ వాషింగ్ మెషీన్‌లో పడేసి ఉతకడానికి వీలుండాలి. ఆ చివరిది మూడుసార్లు చెప్పాను. అంతలో, ఇప్పుడు అమ్మతో కలిసి అక్క దగ్గరే ఉంటున్న మా నాన్న సోఫాలోంచి లేచాడు. "ఈ ఐదూ ఎందుకమ్మా, వీటన్నిటికంటే గట్టిది నా దగ్గరుంది," అంటూ గరాజ్‌లోకి వెళ్లి, నల్లటి ల్యాప్‌టాప్ బ్యాగ్ ఒకటి దుమ్ము దులుపుకుంటూ తెచ్చి ఆ ఐదింటి మధ్యలో పెట్టాడు. అనిక జిప్పు లాగింది.

"పిన్నీ, ఇందులో ఏమైనా చచ్చిపోయిందా?" అంది ముక్కు మూసుకుని.

ఛీ. అదే కంపు. పాతబడిన నువ్వుల నూనె, ఇంగువ, ఆవపిండి, వాటి మీద ఎన్నడో కొట్టిన గులాబీ సెంటు. పద్దెనిమిదేళ్లయినా పోలేదు. సరిగ్గా అనిక పుట్టిన ఏడాది అంటుకున్న కంపు అది. ఒంగోలు నుంచి వచ్చిన కుటుంబం మాది. నాకు తొమ్మిదేళ్లప్పుడు పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో దిగాం, అక్కకి పద్నాలుగు. ఆ అపార్ట్‌మెంట్లని తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది మనుషులు కాదు, వాసనలు. కారిడార్‌లో నడుస్తుంటే ఒక తలుపు దగ్గర సాంబారు, ఇంకో తలుపు దగ్గర చేపల వేపుడు, మూడో తలుపు దగ్గర అగరొత్తులు, వీటన్నిటి కింద, ఎంతమంది తొక్కారో తెలియని ఆ బూడిదరంగు కార్పెట్ చెమ్మ. నవంబర్‌లో మూసిన కిటికీలు మార్చి దాకా తెరిచేవాళ్లం కాదు. తాలింపు వేసే ముందు అమ్మ మా కోట్లన్నీ బెడ్రూమ్ క్లాజెట్‌లో పెట్టి తలుపు మూసి, ఆ తలుపు కింద తుండుగుడ్డ కుక్కేది. అయినా స్కూల్ బస్సు కోసం మంచులో నిలబడినప్పుడు నేను రోజూ నా కోటు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేదాన్ని. రోజూ ఉల్లిపాయే.

ఇక నాన్న బ్యాగులు. నాన్న కన్సల్టెంట్. ప్రాజెక్ట్ మారినప్పుడల్లా, ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడల్లా ఆయన చేతికి ఒక ఫ్రీ బ్యాగ్ వచ్చేది. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ బ్యాగ్ కొనలేదు. బ్యాగ్‌కి డబ్బులు పెట్టడం నాన్న దృష్టిలో పంపునీళ్లు కొనుక్కోవడం లాంటిది. ఒకదాంట్లో ఒకటి దూర్చి, పదో పదకొండో క్లాజెట్‌లో పైదాకా పేర్చి ఉండేవి, ఒక్కోదాని మీద ఒక్కో కంపెనీ పేరు. కొన్ని కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి కూడా. నాలుగో క్లాసులో నేను మోకాళ్ల దాకా వేలాడే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ బ్యాగ్ తగిలించుకుని వెళ్లాను. మీ నాన్న ఇన్సూరెన్స్ అమ్ముతాడా అని అడిగారు పిల్లలు. అవునన్నాను, కాదని చెప్పి బ్యాగ్ కథంతా విప్పడం కంటే అదే నయమని.

ఆ బ్యాగులు పుస్తకాలకి మాత్రమే అయితే నాకీ రోత ఉండేది కాదు. ఉగాదికీ దీపావళికీ తెలుగువాళ్లంతా కలిసి ఏదో స్కూల్ జిమ్ అద్దెకి తీసుకుని ఫంక్షన్ చేసేవారు. అమ్మ వంతు పులిహోర. అంత పెద్ద అల్యూమినియం ట్రే నిలువుగా పట్టేది నా బ్యాగులోనే. పక్క అరల్లో పేపర్ టవల్స్‌లో చుట్టిన బొబ్బట్లు, వాటిలోంచి కారి గడ్డకట్టిన నెయ్యి. పసుపు నూనె అడుక్కి దిగి ఆరేది, ఆరిన దాని మీదే సోమవారం నా పుస్తకాలు ఎక్కేవి. నా హోమ్‌వర్క్ కాగితాల మూలలు అద్దంలా అయిపోయి అవతలి పక్క అక్షరాలు కనిపించేవి. మా టీచర్ వాటిని రెండు వేళ్లతో పట్టుకునేది, చచ్చిన బొద్దింకని మీసం పట్టుకుని ఎత్తినట్టు. ఒక శీతాకాలం మంచు కురిసి స్కూల్ వారం రోజులు మూసేస్తే, హీటర్ పక్కన వదిలేసిన బ్యాగులో అరటిపండు ఒకటి ఉండిపోయింది. దాన్ని తీసింది నేనే. చెయ్యి పెట్టగానే మణికట్టు దాకా దిగిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు నేను అరటిపండు ముట్టలేదు.

ఆటలకీ బ్యాగులే. వర్షం పడితే కారిడార్‌లో ఒకళ్లం బ్యాగ్ మీద కూర్చుంటే ఇంకొకళ్లు పట్టీ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి లాగేవాళ్లం. కార్పెట్ నూలు, ఎవరెవరి వెంట్రుకలో, ఎండిన అన్నం మెతుకులు అన్నీ బ్యాగ్ అడుగుకి అంటుకునేవి, సాయంత్రం అవి గిల్లుకుంటూ కూర్చునేవాళ్లం. అమ్మ అదే సమయానికి వంటింట్లో వాడేసిన జిప్‌లాక్ కవర్లు సబ్బుతో కడిగి, ఒక్కొక్కటీ పంపు మెడకీ గరిటెలకీ తొడిగి ఆరబెట్టేది. ఎన్ని కడిగినా వాటిలో కారం వాసన పోయేది కాదు. ఆపిల్ ముక్క తింటున్నా నాకు కారప్పొడి తింటున్నట్టే ఉండేది.

అందుకే కాలేజీలో సీటొచ్చాక నోరు తెరిచి ఒక్కటే అడిగాను, నాకు కొత్త బ్యాగ్ కావాలని. మాల్‌లో చూసిపెట్టుకున్నాను కూడా, ముదురాకుపచ్చది, ఏ కంపెనీ పేరూ లేనిది. నాన్న రెండు రోజులు ఆలోచించి, ఆఫీస్‌కి తను తీసుకెళ్లే నల్ల బ్యాగ్ ఖాళీ చేసి నా చేతికిచ్చాడు. ఆయన దగ్గరున్న వాటిలో అదే మంచిది. తనేమో మర్నాటి నుంచి లంచ్ బాక్స్ కిరాణా కవర్లో పట్టుకెళ్లాడు. నేను థాంక్స్ అనలేదు. మొహం గంటు పెట్టుకుని తీసుకున్నాను.

వెళ్లే రోజు అమ్మ ఆ బ్యాగ్‌ని అటూ ఇటూ నొక్కి చూసింది. ల్యాప్‌టాప్ కోసం కుట్టిన అర ఉంటుంది కదా, రెండు పక్కలా మెత్తటి స్పాంజి వేసి, అది దొరికింది ఆవిడకి. కేజీ ఆవకాయ సీసా మూతకి టేపు చుట్టి, మూడు కడిగిన జిప్‌లాక్ కవర్లలో పెట్టి, ఆ స్పాంజిలో దూర్చింది. "ఇందులో అయితే దెబ్బ తగలదే," అంది. మరి ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలమ్మా అంటే, "అది గట్టిదేగా, ఒళ్లో పెట్టుకో," అంది. ఇటుకంత ల్యాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి మూడు గంటల ప్రయాణమూ ఒళ్లో పెట్టుకున్నాను. సీసా ఏమో కారు ట్రంక్‌లో పరుపు మీద పడుకున్నట్టు పడుకుంది. పడుకున్నదల్లా కారింది.

కాలేజీ డార్మ్ గదిలో ముగ్గురం. నేను, కేటీ అని పెన్సిల్వేనియా అమ్మాయి, వాసవి. వాసవి వాళ్లు వరంగల్ నుంచి చిన్నప్పుడే ఒహాయో వచ్చి స్థిరపడ్డారు. ఏదో చీరల కొట్టు పేరున్న పెద్ద నైలాన్ సంచితో దిగింది. ఆ సంచిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, నాకంటే అధ్వాన్నం ఒకరున్నారని. నా బ్యాగ్ తెరిచి చూసేసరికి స్పాంజి అంతా ఎర్రగా, తడిగా ఉంది. వేలితో నొక్కితే నూనె ఊరింది. సీసాని కవర్లతో సహా తీసుకెళ్లి బిల్డింగ్ వెనక చెత్త డబ్బాలో విసిరేశాను. బ్యాగ్‌ని మాత్రం పారేయలేకపోయాను. ప్రతి ఆదివారం నాన్న ఫోన్ చేసి బ్యాగ్ బాగుందా అని అడిగేవాడు. పేపర్ టవల్స్‌తో అద్ది, గులాబీ సెంటు కొట్టి, మంచం కిందకి తోసి, పుస్తకాలు చేతుల్లో పట్టుకుని తిరిగాను. సెప్టెంబర్ ఉక్కకి రెండో వారంలో గదంతా కంపు లేచింది. కేటీ తలుపు దగ్గరే ఆగిపోయి, ఏంటీ వాసన, ఎవరిది అని అడిగింది.

నేను వాసవి నైలాన్ సంచి వైపు చూశాను. అంతే చేశాను. ఒక్క చూపు. కేటీ నా చూపు వెంటే తనూ అటు చూసింది.

ఆ తర్వాత నేనేమీ చేయనవసరం లేకపోయింది. ఫ్లోర్ చూసుకునే సీనియర్ అమ్మాయి వచ్చి మర్యాదగా మాట్లాడి వాసవి సంచి తెరిపించింది. బట్టలు, ఒక డబ్బా సకినాలు. ఆ డబ్బాని దూరంగా పట్టుకుని మూత పెట్టేసింది. వాసవి ఆ సంచిని రెండుసార్లు ఉతికింది. కింద లాండ్రీలో ఆమె వాడిన మెషీన్‌ని మిగతావాళ్లు వాడటం మానేశారు. ఆమె లోపలికి వస్తే కేటీ కిటికీ తెరిచేది. నేనూ ఒకసారి తెరిచాను. తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది. అక్టోబర్‌లో వాసవి వేరే బిల్డింగ్‌కి మారిపోయింది. ఆ మధ్యాహ్నం కేటీ క్లాస్‌కి వెళ్లింది. వాసవి సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"నీ బ్యాగ్ కింద పేపర్ వెయ్. కార్పెట్‌కి అంటుతుంది," అంది.

తెలిసీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఇద్దరం కంపు కొడ్తమని అనుకుంటరు. ఒక్కరైతే చాలు గదా. పచ్చడి సంగతి మీ అమ్మకి చెప్పకు, మంచిగ అనిపించది," అని వెళ్లిపోయింది. నాలుగేళ్లు ఒకే క్యాంపస్‌లో ఉన్నాం. ఎదురుపడితే తనే ముందు నవ్వేది. నేను ఫోన్ చూసుకునేదాన్ని. బ్యాగ్‌ని ఆ నవంబర్ థాంక్స్‌గివింగ్ సెలవులకి నాన్నే వెనక్కి తీసుకెళ్లి, బాత్‌టబ్‌లో గిన్నెల సబ్బుతో తోమి, బాల్కనీలో ఆరేసి దాచాడు.

అనికకి ఇవేవీ తెలియవు. శనివారం సాయంత్రానికి బ్యాగ్ తేల్చుకుంది, తేలికైనది, లోపల లేత బూడిదరంగు, మెషీన్‌లో ఉతకొచ్చని చీటీ మీద రాసున్నది. నాకు తృప్తిగానే అనిపించింది. అంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చి బ్యాగ్‌ని అటూ ఇటూ నొక్కి, స్పాంజి అర కనుక్కుని, చేతిలో ఉన్న ఆవకాయ సీసా అందులో దూర్చి చూసింది. అదే చెయ్యి, అదే అర. "కొలత సరిపోయిందే," అంది నాతో.

"అమ్మమ్మా, స్మెల్ వస్తే?" అంది అనిక. మళ్లీ తనే నవ్వేసింది. "ఇట్స్ ఓకే. నా రూమ్‌మేట్ కూడా తెలుగే, అల్ఫారెట్టా అమ్మాయి. తనది అని చెప్తా."

ఊరికే అంది పిల్ల. కానీ నేను ఆ మాటని అలా వదల్లేకపోయాను. కార్పెట్ మీద ఆ బ్యాగుల మధ్య కూర్చుని, ఎవరికీ చెప్పనిదంతా మొదటి నుంచి చెప్పాను. చూపు సంగతీ చెప్పాను, కిటికీ సంగతీ చెప్పాను. నాన్న తల వంచుకుని నల్ల బ్యాగ్ పట్టీ సవరిస్తూ కూర్చున్నాడు. అనిక సారీ చెప్పావా అని అడిగింది. లేదన్నాను. ఆమె ఇప్పుడెక్కడుందని అడిగింది. తెలియదన్నాను. ఇంటిపేరు కూడా గుర్తులేదు.

అమ్మ సీసాని అరలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. పచ్చడి కారినందుకు గానీ, పారేసినందుకు గానీ ఒక్క మాట అనలేదు.

"ఆ పిల్లకి కొంచెమైనా పెట్టావా?" అని అడిగింది.

లేదు. ముగ్గురం ఉన్న ఆ గదిలో ఆవకాయ అన్నం కలుపుకుని తినగలిగిన మనిషి నేను కాక ఇంకొకరు ఆమే. మూత కూడా తీయకుండా కేజీ సీసా చెత్తలో వేశాను.

పార్సిప్పనీలో ఆ కారిడార్‌లో కార్పెట్ తీసేసి చెక్క వేశారట. బ్యాగుల మీద జారే పిల్లలూ లేరు, తాలింపుకి ముందు కోట్లు దాచేవాళ్లూ లేరు, అందరి ఇళ్లకీ గరాజ్‌లో రెండో వంటిల్లు వచ్చింది. నాన్న రిటైరయ్యాక ఫ్రీ బ్యాగులూ ఆగిపోయాయి. మిగిలింది ఈ నల్లదొకటే. ఇంటికి వచ్చేటప్పుడు దాన్ని నాకిచ్చేయమని నాన్నని అడిగాను. కారు ట్రంక్ తెరిచి, అక్క వాళ్లింట్లో పడున్న ఇండియన్ స్టోర్ ఫ్రీ పేపర్ విప్పి పరిచి, దాని మీద పెట్టాను.