రెండు కేజీల రాయి అడుగున సీసం

నేను కాపరానికి వెళ్ళిన మూడో నెలలో మా మామగారి కొట్లో తూకం తప్పింది. దానికి కారణం చింతపండు. సరిగ్గా చెప్పాలంటే చింతపండు, ఇటికపొడి, నా చేతి దురద.

మా పుట్టింటిది బట్టల కొట్టు. అక్కడ ఉండేదల్లా ఇనప గజంబద్ద ఒక్కటి. దానికి జిడ్డు పట్టదు, పట్టినా ఎవరూ తోమరు. అత్తింటివాళ్ళది కిరాణా. సామర్లకోట వెళ్ళే రోడ్డు మీద ముందు కొట్టు, వెనక ఇల్లు. అత్తగారు లేరు, ఫొటో ఉంది. శుక్రవారం పొద్దున్నే కాటానీ తూకపు రాళ్ళనీ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి హారతివ్వడం ఆవిడ పనిట. ఆవిడ పోయాక కొట్లో గుమాస్తాగారు చేసేవారు. నేను రాగానే, ఇంటికి లక్ష్మి వచ్చిందని నాకు అప్పజెప్పేశారు. ఎలా కడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. కడగడం కూడా నేర్పాలా అనుకుని ఉంటారు.

పేరుకి రాళ్ళే గానీ అవి ఇనపవి. ఏళ్ళ తరబడి రాసిన పసుపూ కుంకం నల్లగా అట్టకట్టి ఉన్నాయి. మా అమ్మ చూస్తే ఛీ అనేది. నేను కొంగు బిగించి, చింతపండూ ఇటికపొడీ వేసి ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. రెండు కేజీల రాయి తిరగేస్తే అడుగున ఓ గుంట, ఆ గుంటలో బూడిదరంగు ముద్ద. గోరుతో నొక్కితే గోరు దిగింది. దాని మీద ఏవో గీతలు. నూనే కుంకం కలిసి గడ్డకట్టి ఉంటుందనుకుని మేకుతో కెలికాను. మొదటి శుక్రవారం అంచు లేచింది. నాలుగో శుక్రవారం రేగిపండంత ముద్ద ఊడి చేతిలో పడింది. సందులో కాలవలో పారేశాను. గుంట ఎంత శుభ్రంగా ఉందో మా ఆయనకి చూపించాను కూడా. ఆయన బీఎస్సీ. కానీ కొత్త కాపరం కదా, రాయిని చూడలేదు, నన్ను చూసి "బావుంది" అన్నారు.

ఆ తర్వాత రెండు వారాలకి, పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే ఓ పెద్దావిడ బెల్లం పొట్లంతో కొట్టుకొచ్చింది. ఆవిడకి ఇంట్లో సొంత కాటా ఉంది. "రెండు కేజీలకి యాభై గ్రాములు తగ్గిందండి. మీ కొట్లో ఇలా ఎప్పుడూ లేదు" అంది. బేరానికొచ్చిన నలుగురూ వినేలాగే అంది. నేను తలుపు వెనక కందిపప్పు చెరుగుతున్నాను.

మా మామగారు రెండు కేజీల రాయి ఓ పక్కా, రెండు ఒక కేజీ రాళ్ళు ఇంకో పక్కా పెట్టారు. కాటా ఒరిగిపోయింది. రాయి ఎత్తి అడుగు చూశారు. "సీసం తవ్వేశారు" అన్నారు. ఆ సీసం మీదే తూనికల ఇన్‌స్పెక్టరు ముద్ర ఉంటుంది. అది లేని రాయి, దొంగరాయి.

కొట్లో తూచేది గుమాస్తాగారొక్కరే. ఇరవై ఏళ్ళుగా ఆయన చెయ్యే. మామగారు అరవలేదు. అరిచినా బావుండును. "ఇరవై ఏళ్ళ చేతికి రాయి తేలికైన సంగతి తెలియకుండా ఉంటుందాండీ? రేపట్నుంచి మీరు రావక్కర్లేదు" అన్నారు. గుమాస్తాగారు మేకుకి తగిలించిన కండువా తీసుకుని, బెల్లం కొట్టే కత్తి తుడిచి, దాని చోట దాన్ని పెట్టి వెళ్ళిపోయారు.

నాకు అప్పుడు అర్థమైంది. వెళ్ళి చెప్పాలి. చెప్పలేదు. భయం. మూడు నెలల కోడల్ని, మామగారితో అప్పటికి "కాఫీ తెచ్చానండి" తప్ప ఇంకో మాట మాట్లాడి ఎరగను. సిగ్గులేకుండా లోపలికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను. ఆ పూట పప్పు మాడింది.

మర్నాడు మామగారు కొట్టు తియ్యలేదు. రాళ్ళు బాగుచేసే మనిషి కాకినాడ నుంచి రావడానికి నెల పడుతుంది. "ముద్ర పడేదాకా దాంతో తూచను. కానీ ఆ బొక్క నేను చూడలేనురా" అన్నారు మా ఆయనతో. సీసం మనమే కరిగించి పోసేద్దామన్నారు మా ఆయన. సీసం ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో ఆయనకి నోటికొచ్చు. పట్టకారు పట్టుకోవడం మాత్రం రాదు.

సీసం ఎక్కడ దొరుకుతుంది? చేపల వలలకి కట్టే గుళ్ళు సీసమే. మా ఆయన వలలు అల్లేవాళ్ళ దగ్గరకెళ్ళి గుప్పెడు పాత గుళ్ళు తెచ్చారు. ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇంట్లోకి నీచువాసన వచ్చింది. వంటింట్లోకి వీల్లేదని పెరట్లో పెట్టించారు మామగారు. పనిముట్ల పూచీ నాదన్నాను. అంతకన్నా ఏం చెయ్యగలను? తూటుపడి మూలపడేసిన పెద్ద ఇనప గరిటె ఒకటుంది. దాని తూటు అంచు దగ్గరే ఉంది, అక్కడే సుత్తితో కొట్టి వంచి ముక్కు తీశాను. కాడకి గోనెగుడ్డ చుట్టి, పైన వెదురు బద్దలు వేసి పురికొసతో బిగించాను. తెట్టు తియ్యడానికి చిల్లుల చెంచా. బిస్కట్ల డబ్బాలో ఇసక పోసి, అందులో రాయిని తలకిందులుగా నిలబెట్టాను. కుంపట్లో బొగ్గులేసి విసనకర్రతో విసిరాను. డిగ్రీలు చూడ్డానికి మా దగ్గరేముంది, చీపురుపుల్ల ముంచి చూశాను. ముంచి తియ్యగానే కమిలితే వేడి చాలు. "నీకెవరు చెప్పారు?" అన్నారు మా ఆయన. మా ఊళ్ళో కళాయి వేసే ఆయన్ని చిన్నప్పుడు గంటలకి గంటలు చూసేదాన్ని.

గుళ్ళు కరిగి గరిటెలో అద్దంలా నిలిచాయి. తెట్టు తీశాను. అంతలో మామగారు, "ఉండమ్మా, ఎంతైనా లక్ష్మీదేవి" అని, చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి రాయి మీద జల్లి, పంచె చెరగుతో ఓసారి అద్ది, "ఊఁ, పొయ్యి" అన్నారు.

పోశాను. టప్పుమని పేలింది. గుంటలో సీసం గుంటలో ఉండకుండా పైకెగిరింది. ఓ బొట్టు మామగారి పంచెకి కన్నం పెట్టింది, ఓ బొట్టు గోడకంటుకుంది, మా ఆయన బావిదాకా పరిగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు. మామగారు మాత్రం కదల్లేదు. పంచెకి పడ్డ కన్నాన్ని చూసుకుంటూ, "చూశావా? వాడి పాపం. అమ్మవారు ఒప్పుకోవట్లేదు" అన్నారు. ఇరవై ఏళ్ళుగా అండీ అని పిలిచిన మనిషిని వాడు అన్నారు.

"పాపం కాదండీ, తడి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "గుంటలో నీళ్ళున్నాయి. అందుకు పేలింది. సీసం తవ్వింది ఆయన కాదండి, నేను. జిడ్డనుకున్నాను."

మామగారు నావైపు తిరిగి, "ఎన్నాళ్ళు తవ్వావు?" అన్నారు.

"నాలుగు శుక్రవారాలండి."

ఆయన తిట్టలేదు. కన్నం పడ్డ పంచెతోనే, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా, గుమాస్తాగారింటికి వెళ్ళిపోయారు. నేను కుంపటి ముందు కూలబడి ఏడ్చాను. మా ఆయన బావి దగ్గర్నుంచి వచ్చి, తడి ఆవిరైతే ఎందుకు పేలుతుందో నాకు వివరించారు.

మామగారు మధ్యాహ్నానికి ఒక్కరే తిరిగొచ్చారు. "రానన్నారు" అన్నారు. "కోపం లేదుట. రాయి తేలికైతే నా చేతికి తెలియకపోయిందండీ, ఆ చేతితో మీ కొట్లో ఇంకెలా తూచను, అన్నారు."

రాయిని రెండు రోజులు ఎండలో పెట్టి, కుంపటి పక్కన వెచ్చబెట్టి, మళ్ళీ పోశాను. ఈసారి బుద్ధిగా కూర్చుంది. ఎక్కువైన సీసాన్ని మేకుతో, అవును అదే మేకుతో, గీకి గీకి కాటా ముల్లు మధ్యకి తెచ్చాను. నెల తిరక్కుండా ఇన్‌స్పెక్టరు ముద్ర కూడా పడింది. మామగారు పచ్చళ్ళావిడని పిలిచి, "తప్పు మా ఇంటిదండి, ఆయనది కాదు" అని కొట్టు మధ్యలో నిలబడి చెప్పారు. నా పేరు ఎత్తలేదు. ఆ వీధిలో ఇంకెవరికైనా ఈ సంగతి తెలిస్తే, అది నేను చెప్పిందే.

గుమాస్తాగారు వీధి చివర ఇంకో కిరాణాకొట్లో కుదిరారని విన్నాను. మా కొట్లో బస్తాడు చింతపండు ఉండగా సంచీ పట్టుకుని అక్కడికెళ్ళి అరకేజీ చింతపండు అడిగాను. క్షమించమని ఎలా అడగాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడి, "రండమ్మా" అన్నారు. అరకేజీ రాయి తీశారు. కాటాలో పెట్టకుండా దాన్ని తిరగేసి, అడుగున సీసాన్నీ ముద్రనీ నాకు చూపించారు. అప్పుడు తూచారు.

నన్ను దెప్పడానికి చేశారనుకున్నాను. డబ్బులిచ్చాను. పొట్లం సంచీలో వేసుకుని పక్కకి జరిగాను. నా వెనకాల ఓ చిన్నపిల్ల ఉప్పుకోసం వచ్చింది. ఆ పిల్లకీ రాయి తిరగేసి చూపించారు. ఆ తర్వాత వచ్చిన ముసలాయనకీ చూపించారు. మా కొట్లో ఇరవై ఏళ్ళూ ఆయన అలా చెయ్యలేదు.