కొట్లు కలిశాక కొసరు

మార్కాపురంలో మా కొట్టుకు ఎదురుగా అలాంటిదే ఇంకో కొట్టు తెరిచిన రోజు నాకు అన్నం సహించలేదు. నాది కొర్రలు, సామలు, అరికెలు, గానుగ నూనె, బెల్లం, అడవి తేనె అమ్మే కొట్టు. మందులు కొట్టని పంట మాత్రమే అమ్ముతానని బోర్డు మీద రాయించుకున్నాను. మా ఆయనకు షుగరు వచ్చి, బియ్యం తగ్గించమని డాక్టరు చెప్పినప్పుడు ఊళ్ళో మంచి కొర్రలు దొరక్క పల్లెల వెంట తిరిగాను. తిరిగి తిరిగి, చివరికి ఆ తిరుగుడునే వ్యాపారంగా పెట్టుకున్నాను. అలాంటిది, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే సూటిగా కనబడే చోట అవే కొర్రలు, అవే సామలు, అదే తేనె!

పెట్టినాయన అంతకుముందు అదే గదిలో ఖర్జూరం, జీడిపప్పు, మసాలా దినుసులు అమ్మేవాడు. వాళ్ళది తరాల నుంచి బజారులో వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను, కాకపోతే మొదట్లో పళ్ళు కొరుకుతూ పిలిచాను. నేను నాలుగు రూపాయలు చూడడం ఓర్వలేక పెట్టావని మొహం మీదే అడిగాను.

"బజారు అందరిదీ చెల్లెమ్మా. నువ్వు అమ్ముకో, నేనూ అమ్ముకుంటా. ముందు టీ తాగు" అన్నాడు గ్లాసు నా వైపు జరుపుతూ.

టీ తాగకుండానే రోడ్డు దాటి వచ్చేశాను.

చిక్కేమిటంటే, ఇద్దరికీ సరుకు ఇచ్చేవాళ్ళు ఒకళ్ళే. ధాన్యం హనుమంతునిపాడు, తర్లుపాడు వైపు మెట్ట రైతుల దగ్గర్నుంచి వచ్చేది. తేనె నల్లమల నుంచి దిగి వచ్చే ఆడవాళ్ళు తెచ్చేవాళ్ళు. ఏ కొట్టు ముందు తెరిచి ఉంటే ఆ కొట్లో పోసి, డబ్బు తీసుకుని బస్సెక్కేవాళ్ళు. అందుకని నేను పొద్దున్నే ముఖం కడిగీ కడగకముందే తలుపులు తీసేదాన్ని. ధరలో తేడా చూపించడానికి ఏమీ లేదు. నేను ఒక రూపాయి తగ్గిస్తే మధ్యాహ్నానికల్లా ఆయనా తగ్గించేవాడు. పోటీ పడడానికి ఇక మిగిలింది కొసరు ఒక్కటే.

కాటా సరిపోయాక చేత్తో తీసి పైన వేసే నాలుగు గింజలకు అంత చరిత్ర ఉంటుందని నేను అనుకోలేదు. మొదట పిడికెడు వేసేదాన్ని. ఆయన పిడికిలి నాకంటే పెద్దది, అది నా ఖర్మ. నేను దోసిలి చేశాను. ఆయనా దోసిలి చేసి, దాంతోపాటు చిన్న బెల్లం ముక్క కూడా చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. పంతానికి పోయి నేను బెల్లంతో పాటు వేరుశెనగ గింజలు పెట్టాను. మా ఆయన ఒకరోజు కొట్లో కూర్చుని కాసేపు చూశాడు. "నువ్వు కొర్రలు అమ్మి కొసరు ఇస్తాండావా, కొసరు అమ్మి కొర్రలు ఇస్తాండావా?" అని అడిగాడు. నీకు వ్యాపారం తెలియదు, ఇంటికి పోయి పడుకోమన్నాను.

ఈ పోటీలో నిజంగా లాభపడిన మనిషి ఒక పెద్దమ్మ. తర్లుపాడు వైపు పల్లె నుంచి వారానికోసారి ఆటోలో వచ్చేది. ఆమె భర్త రాతి పలకలు కోసే పనిలో ఒళ్ళు అరగదీసుకుని ఇంటిపట్టున కూర్చున్న మనిషి, ఆయనకు షుగరు. ఆమె నా దగ్గర అర కిలో కొర్రలు కొని కొసరు వేయించుకునేది. తర్వాత రోడ్డు దాటి భాయ్ దగ్గర ఇంకో అర కిలో కొని అక్కడా కొసరు వేయించుకునేది. కొన్నవి సంచిలో పోసుకునేది. కొసర్లు మాత్రం రెండూ కలిపి కొంగున ముడి వేసుకునేది.

"కిలో ఒకచోటే కొనరాదా పెద్దమ్మా?" అన్నాను ఒకసారి ఉండబట్టలేక.

"ఇద్దురూ నా బిడ్డల్లాంటోళ్ళే గదమ్మాయ్. ఒకరికి బేరమిచ్చి ఒకరికి ఇయ్యకపోతే ఎట్ల?" అంది.

కొసరు కోసమేనని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. గడుసు మనిషి అనుకుని నవ్వుకున్నాను.

ఇలా ఉండగా, నగరంలో రెండు పెద్ద కంపెనీలు ఒకటైపోయాయని, ఆ కొత్త కంపెనీ చిన్న ఊళ్ళలో కూడా సేంద్రియ సరుకుల షాపులు పెడుతోందని విన్నాం. విన్న కొన్నాళ్ళకే టై కట్టుకున్న కుర్రాడొకడు కొట్టుకు వచ్చి, మీ కొట్టు మా బ్రాంచిగా మార్చుకోండి, ఎదురు షాపాయన ఇప్పటికే ఒప్పుకున్నాడు అని చెప్పాడు. ఆ రాత్రంతా భాయ్‌ని తిట్టుకున్నాను. తెల్లారి ఆయనే రోడ్డు దాటి వచ్చాడు. అదే మొదటిసారి ఆయన మా గడప తొక్కడం.

"చెల్లెమ్మా, నువ్వు ఒప్పుకున్నావంట గదా!" అన్నాడు.

ఇద్దరితోనూ ఒకే అబద్ధం ఆడారని తేలాక ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ రోజు ఆయనకు నేను టీ తెప్పించాను. వాళ్ళు బస్టాండు దగ్గర ఏసీ షాపు తెరిచేలోపల మనమే కలిసిపోదాం అనుకున్నాం. ఒక అద్దె, ఒక కరెంటు బిల్లు, సరుకు తెచ్చే బండి ఒకటే. ఆయన గది పెద్దది కాబట్టి అక్కడికే మారాను. కొసరు మానేద్దామని ముందు అన్నది నేనే.

"యా అల్లా! ఈ మాట నువ్వెప్పుడు అంటావా అని చూస్తాండా" అన్నాడు భాయ్. అన్ని నెలలూ ఆయన చేతులు కూడా నొప్పి పెట్టాయన్నమాట.

రాళ్ళు ఏరే మిషను వచ్చింది. గాలి తీసి సీలు వేసే ప్యాకెట్లు వచ్చాయి. లేబుళ్ళు, లైసెన్సు నంబరు, ధర ముద్ర, అన్నీ వచ్చాయి. మూటలు వెనక గదిలోకి పోయాయి. ధర పెరిగింది. ఎందుకు పెంచారని అడిగినవాళ్ళకు ప్యాకెట్టు ఖర్చు, మిషను వాయిదా అని చెప్పేదాన్ని. అది నిజమే. కాని దాని వెనక ఇంకో నిజం ఉంది. ఇదివరకు ధర పెంచాలంటే భయంగా రోడ్డు అవతలకు చూసేదాన్ని. ఇప్పుడు అవతల ఉన్నది నా పాత గది, అందులో ఒక టైలరు. ఏసీ షాపు వాళ్ళ ధరలు మా కంటే ఎక్కువ కాబట్టి మేమే చవకని కూడా చెప్పుకోవచ్చు. ఎదురు మనిషి లేకపోతే ధర పెంచడానికి చెయ్యి ఎంత తేలిగ్గా వస్తుందో అప్పుడే తెలిసింది. రైతుకూ కొంచెం పెంచాం, ఎంతో చెప్పుకుంటే బాగుండదు.

కలిసిన తర్వాతి వారం పెద్దమ్మ వచ్చింది. కొత్త అరల వైపు, గాజు తలుపు వైపు కాసేపు చూసి, నా ముందుకు వచ్చి నిలబడింది.

"నీ అర కిలో ఒకటి, భాయ్ అర కిలో ఒకటి ఇయ్యి. కొసర్లు రెండూ ఈడనే ఎయ్యండి."

"ఇప్పుడు రెండు కొట్లు లేవు పెద్దమ్మా. కిలో ప్యాకెట్టు. కొసరు లేదు."

"లేకపోవడమేంది?"

"సీలు వేసినదాంట్లో కొసరు యాడేసేది?" నేను ఒంటికాలి మీద లేచాను. పొద్దుట్నుంచీ అదే ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. "ఇన్నాళ్ళూ రెండు పక్కలా తీసుకున్నావు గదా, చాల్లేదా?"

ఆమెకు కోపం రాలేదు. "కొట్లు ఒకటైనాయి అమ్మాయ్. మా ఇంట్లో కడుపులు రెండే గదా" అంది.

అప్పుడు చెప్పింది. కొన్న కిలో ఆయనకు. కొంగున కట్టుకున్న కొసరు ఆమెకు. ఆమెకు కూడా షుగరు ఉందని క్యాంపులో వేలు గుచ్చి చూసి చెప్పారట. భర్తకు చెప్పలేదు. "చెప్తే ఆయన సగం నా ముందుకు తోస్తాడు. కొసరు గింజలు రాత్రి పూట జావ కాచుకుంటాండా. మిగతా పూటలు ఎట్నో జరుగుతాంది. ఈ ధరకు ఇద్దురికీ యాడ్నించి తెచ్చేది?"

కొర్రలు తింటే షుగరు పోతుందని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. కాని మా ఆయన కంచంలో బియ్యం ఎందుకు తగ్గించానో నాకు తెలుసు. నా నోటి దురుసుకు నాకే సిగ్గేసింది. అరలోంచి ఇంకో ప్యాకెట్టు తీసి, ఇది ఊరికే తీసుకుపో పెద్దమ్మా అన్నాను.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఊరికే ఇచ్చేది నాకొద్దు. కొసరంటే కొన్నదాని మీద వచ్చేది. నేను అడుక్కోను" అంది. ఒక్క ప్యాకెట్టుకు డబ్బిచ్చి వెళ్ళిపోయింది.

సాయంత్రం భాయ్‌తో చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది, కాని వ్యాపారం లెక్క వదల్లేదు. "ఒకరికేస్తే అందరికీ ఎయ్యాల. రేపు బజారంతా దోసిలి పడ్తారు. మానేద్దామన్నది నువ్వే గదా చెల్లెమ్మా?" అన్నాడు. నాకు కడుపు మండింది, ఎందుకంటే ఆయనన్నది నిజం.

తర్వాత కూడా ఆమె వచ్చేది. ప్యాకెట్టు తీసుకునేది, మా క్షేమం అడిగేది, పోయేది. కొంగున ముడి ఉండేది కాదు. నేను ప్రతిసారీ అటే చూసేదాన్ని. ఒక వారం రాలేదు. ఆ తర్వాతి వారం కూడా రాలేదు. ఏసీ షాపుకు పోతోందేమో అనుకుని మనసు సరిపెట్టుకోవాలని చూశాను. ఆ ధరలకు ఆమె అటు పోదని నాకు తెలియనిదేమీ కాదు.

ఆమె బదులు ఒకరోజు ముసలాయన వచ్చాడు. సన్నగా, భుజాన తువ్వాలుతో గాజు తలుపు ఎటు తొయ్యాలో తెలియక నిలబడితే భాయ్ వెళ్ళి తీశాడు. తర్లుపాడు పెద్దమ్మ పేరు చెప్పి, ఆమె తీసుకునే కొర్రలు ఇమ్మన్నాడు.

"పెద్దమ్మకేమైంది పెదనాయనా?" అన్నాను.

"కాలికి పుండు పడింది. మానలా. ఆస్పత్రికి తీస్కపోతే షుగరు బాగా ఉందన్నారు. కొర్రలు తినమ్మా అని డాక్టరమ్మ చెప్పింది. ఇదేమో మొండిది. నాకు వండి పెడ్తాది, తాను ముట్టదు. దానికి కొర్రలు పడవంట, బియ్యమే కావాలంట. మొదట్నించీ అంతే."

ఆమె రహస్యం దాచిపెట్టమని నన్ను అడగలేదు, చెప్పమనీ అనలేదు. చెప్పాలా వద్దా అని ఆలోచించే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. "పడకపోవడమేంది పెదనాయనా! ఇన్నాళ్ళూ నువ్వు తిన్నావు, నీకు తెలియకుండా ఆమే తినింది. నీకు కొన్న కిలో, ఆమెకు మేమేసిన కొసరు. మేము కొసరు మానేసినాం, ఆమె తినడం మానేసింది. అంతే" అని గడగడా చెప్పేశాను.

ముసలాయన స్టూలు మీద కూలబడ్డాడు. భాయ్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"కొంగున కట్టుకొచ్చేది" అన్నాడు ముసలాయన చివరికి. "ఏందే అది అంటే, కోళ్ళకు అనేది. నిజమే గాబోలు అనుకున్నా. మాకు రెండు కోళ్ళుండాయి."

జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. నేనిచ్చిన ప్యాకెట్టు రెండు చేతులతో పట్టుకుని చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పరిచాడు.

"ఈ ప్యాకెట్టు దానిది. నాకు కొసరు ఎయ్యండి" అన్నాడు.

నేను భాయ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. వెనక గదిలోకి వెళ్ళి, మూట విప్పి, దోసిలి నిండా కొర్రలు తెచ్చి తువ్వాలులో పోశాడు. మళ్ళీ వెనక్కి తిరిగాడు. ఇంకో దోసిలి తేబోతున్నాడని అర్థమై ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు భాయ్. కొసరంటే కొసరంతే ఉండాల."

వెనక నిలబడి ఇదంతా చూస్తున్న ఒకామె తన ప్యాకెట్టు బల్ల మీద పెట్టి, "మాకు లేదా?" అంది. భాయ్ నిట్టూర్చి మూటను ఈడ్చుకొచ్చి కాటా పక్కనే పెట్టాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ధర మాత్రం తగ్గించలేకపోయాం, మిషను వాయిదా నిజంగానే ఉంది మరి.

ముసలాయన తువ్వాలు కొసలు కలిపి గట్టిగా ముడి వేసుకున్నాడు. తలుపు దాకా వెంట వెళ్ళాను.

"ఆ ముడి ఏందని పెద్దమ్మ అడిగితే ఏం చెప్తావు పెదనాయనా?"

"ఏం చెప్పేదుండాది" అన్నాడాయన మెట్టు దిగుతూ. "కోళ్ళకని చెప్తా."