అచ్చయ్య బాబాయి అరవై మూడు

మా అచ్చయ్య బాబాయి మాట్లాడేది తక్కువ, రాసుకునేది ఎక్కువ. హిందీ మాట్లాడే ప్రాంతంలోని ఉర్లాలో ఇనుప దూలాలు చేసే ఫ్యాక్టరీలో నేను డ్రాయింగులు గీసేదాన్ని, ఆయన వాటిని దాచే సర్వరు చూసేవాడు. ఎలక్ట్రీషియన్‌గా చేరి, కంప్యూటర్లు వచ్చాక తనంతట తానే నేర్చుకున్నాడు. నేర్చుకున్నదల్లా అట్ట వేసిన నోట్‌బుక్కులో తెలుగులో రాసేవాడు. వాళ్ల నాన్న పలాస నుంచి వచ్చి ఇక్కడి రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేశాడు. పొరపాటు జరిగితే చేసినవాడే పుస్తకంలో రాసి సంతకం పెట్టాలన్నది ఆ ఇంటి పద్ధతి.

2011లో ఆయన రిటైర్మెంటుకు రెండు నెలలుంది. ఇంకో రెండేళ్లు ఉంచుకుంటానని ఫ్యాక్టరీ యజమాని సేఠ్ మాటిచ్చాడు. సరిగ్గా అప్పుడే సర్వరులో చోటు చాలక, ఉన్న నాలుగు డిస్కులకు రెండు కొత్తవి చేర్చాడు బాబాయి. నలుగురి బరువు ఆరుగురు మోస్తే తేలికవ్వాలి కదా! ఇల్లలకగానే పండగైపోతుందా? డ్రాయింగు సేవ్ నొక్కి, టీ తాగి వచ్చినా ఇంకా సేవ్ అవుతూనే ఉండేది. నాకసలే ఓపిక తక్కువ. డిస్కులు నాసిరకమని సేఠ్‌కి ఫిర్యాదు రాసి, కింద సంతకం చేసి మరీ ఇచ్చాను.

ఆ డిస్కులు అమ్మిన వివేక్‌ను సేఠ్ పిలిపించాడు. పక్కనే భన్‌పురిలో అతనిది చిన్న షాపు. సగం బేరం మా ఫ్యాక్టరీదే. డిస్కులు పరీక్షించి, బాగానే ఉన్నాయని అతను ఎంత మొత్తుకున్నా సేఠ్ వినలేదు.

"సోమవారం వేరేవి తెచ్చిచ్చి ఇవి పట్టుకుపో. ఆ తర్వాత మా గేటు తొక్కకు."

ఆ మధ్యాహ్నం కొత్త డిస్కుతో వచ్చిన కాగితం చదువుతూ బాబాయి ఆగిపోయాడు. నోట్‌బుక్కు తీసి నాకు చూపించాడు. "డిస్కును ఎప్పుడూ అరవై మూడో గడి నుంచే మొదలుపెట్టాలి" అని 2000లో రాసుకున్న మాట. డిస్కులో సమాచారం రాసే చిన్న చోటునే ఆయన గడి అనేవాడు.

"పాతవాటికి సెల్లిందమ్మా. ఈ కొత్తవాటినీ అక్కణ్నించే మొదలెట్టేసినాను. ఈటిలో ఎనిమిదేసి గడులు కలిపి ఒక అర. అరవై మూడు ఎనిమిదికి తెగదు కదా. అంచేత నువ్వు దాసే ముక్కలన్నీ రెండేసి అరల మజ్జిన పడతన్నాయి. ఒక్క ముక్క రాయాలంటే రెండరలూ సదివి, రెండూ మళ్లీ రాయాల. ఈ రెండు డిస్కులూ నత్తనడక నడిస్తే మిగతా నాలుగూ ఆగి సూడాల్సిందే."

"అయితే సోమవారం వచ్చేవాటిని సరిగ్గా మొదలుపెట్టు బాబాయ్. ఎవరికీ తెలీదు," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"తన సామానులో తప్పు నేదని వివేక్‌కి తెల్దా?" అని లేచి సేఠ్ గదికి నడిచాడు.

నేనూ వెనకే వెళ్లాను. "డిస్కులు మంచివే సేఠ్‌జీ. గల్తీ నాదే," అని బాబాయి నోట్‌బుక్కులో ఆ పేజీ తెరిచి ముందు పెట్టాడు.

"పదకొండేళ్లుగా ఇలాగే చేస్తున్నావా?"

"అవును సేఠ్‌జీ."

సేఠ్ వివేక్‌కు ఫోను చేసి, వేరే డిస్కులు వద్దన్నాడు. బాబాయి ఒక్కో కొత్త డిస్కూ బయటికి తీసి, 2048వ గడి నుంచి మొదలుపెట్టి, మళ్లీ మిగతావాటితో చేర్చాడు. ఒక్కోదానికి ఒక రోజు పట్టింది. ఆ తర్వాత నేను టీ గ్లాసు అందుకునేలోపే డ్రాయింగు సేవ్ అయిపోయేది. సోమవారం ఖాళీ చేతులతో వచ్చిన వివేక్, బాబాయి చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సేఠ్ మాటిచ్చిన రెండేళ్ల కాగితం మాత్రం రాలేదు.

ఆఖరి రోజు బాబాయి నోట్‌బుక్కు నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. తెరిచి చూశాను. 63 కొట్టేసి ఉంది. దాని కింద: "2048 నుంచి మొదలుపెట్టాలి. పొరపాటు నాది. వివేక్ డిస్కులు మంచివి." తేదీ, సంతకం.

నా ఫిర్యాదు కాగితం గుర్తొచ్చింది. పెన్ను తీసి, ఆయన సంతకం కింద నాదీ పెట్టాను.